ముహూర్తానికి జారిన సా

స్వామివారి కల్యాణంలో పురోహితుడు మంగళసూత్రం కోసం చేయి చాచిన క్షణంలోనే నేను సన్నాయి మీద ‘సా’ అందుకున్నాను. మండపంలో కూర్చున్నవాళ్లలో సగం మంది లేచి నిలబడ్డారు. భక్తి కొద్దీ లేచారనుకుని నాకు ఒళ్లు పులకరించింది. ఆ తర్వాత వాళ్లు అమ్మవారికి తెచ్చిన ఒడిబియ్యం పళ్లేలు, కొబ్బరికాయల గిన్నెలు, చంటిపిల్లలు, ఏది ముందుంటే అది చేతుల్లోకి తీసుకుని, తోపులాట లేకుండా వరుసగా గుడి బయటికి నడిచి ఎండలో నిలబడ్డారు.

భక్తులు కళ్లకద్దుకోవడానికని మంగళసూత్రం ఉన్న పళ్లేన్ని అప్పుడు వరుసల మధ్య తిప్పుతున్నారు. నేను ఊదే వేళకు అది మా పక్కింటావిడ చేతికి వచ్చింది. ఆవిడ దాన్నీ తీసుకుని బయటికి వెళ్లింది. పురోహితుడి చేయి గాలిలోనే ఉండిపోయింది. స్వామివారు, అమ్మవారు, పురోహితుడు, ఆలయ కమిటీ ప్రెసిడెంటు, మేళం వాళ్లం నలుగురం, ఏం జరుగుతోందో తెలియని ఆ ఊరి జనం లోపల మిగిలాం.

నేను ఊదుతూనే ఉన్నాను. శ్రుతి పట్టినవాడి ఊపిరి ఏం జరిగినా తెగకూడదు. నాకు నేర్పిన మొదటి సంగతి అది.

ఇలా ఎందుకు జరిగిందో చెప్పాలంటే కల్లూరులోని ఒక కటింగ్ షాపు దగ్గర మొదలుపెట్టాలి.

ఉద్యోగమంతా పత్రికలోనే చేశాను. మొదట కల్లూరులో విలేకరిని, ఆ తర్వాత ఖమ్మం డెస్కులో. అందరి సంగతులూ రాసి, దిద్ది, పొడుగైనవి కోసి, చివరికి రిటైరై సత్తుపల్లి పక్కన బొగ్గు గని కాలనీ అంచున ఒక కిరాయి ఇంట్లో కుదురుకున్నాం. మా ఆవిడ పనిచేసే స్కూలు అక్కడికి దగ్గర. ఇల్లు మారినా క్షవరానికి మాత్రం పాత అలవాటు ప్రకారం బస్సెక్కి కల్లూరు వెళ్లేవాణ్ణి. ఆ షాపు ఆయన పొద్దున కత్తెర పట్టేవాడు, పెళ్లిళ్లు, ఉత్సవాలు ఉన్న రోజుల్లో సన్నాయి పట్టేవాడు. అద్దం పైన మేకుకు గుడ్డ సంచిలో సన్నాయి వేలాడుతుండేది. అశ్వారావుపేట దారిలో టేకు ప్లాంటేషన్ మొదలయ్యే చోట ఒక గుడి ఉంది. అక్కడి మేళం ఆయన తాతగారి కాలం నుంచీ వాళ్లదే.

“మా అన్న పళ్లు ఊసిపోయినయి సారూ,” అన్నాడు ఒకరోజు, నా చెవి పక్కన కత్తెర ఆడిస్తూ, ఎవరో పోయారని చెప్పే గొంతుతో.

“పెట్టుడు పళ్లు కట్టించండి.”

“కట్టించిన. మొన్న వేంసూరు పెండ్లిల సన్నాయి నోట్లకెల్లి తీస్తుంటె అవి గూడ దాంతోనే వచ్చినయి. పోయి పెండ్లికొడుకు ఒళ్లె పడ్డయి.”

ఆ అన్న శ్రుతి పట్టే మనిషి. మేళంలో ఒకరు పాట ఊదుతారు. పక్కన ఇంకొకరు ఒకే ఒక స్వరాన్ని, అంటే సా ని, మొదటి నుంచి చివరి దాకా తెగకుండా పడతారు. పాట దాని మీద నిలబడుతుంది. ఆ మనిషి పని బాగా చేస్తే ఆయన ఉన్న సంగతే ఎవరికీ తెలియదు. పత్రికలో డెస్కు పని కూడా ఇంచుమించు అంతే.

ఇప్పుడు ఆ పనికి కరెంటు డబ్బా వచ్చింది. స్విచ్ వేస్తే సా వస్తుంది. షాపు ఆయన కూడా దానికి సిద్ధపడ్డాడట, గుడి కమిటీ ప్రెసిడెంటు అడ్డం పడ్డాడు. ప్రెసిడెంటుగారు పామాయిల్ తోటల రైతు. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మంచి మనిషి, కానీ తర్కం బాగా ఇష్టం. ఆయన అప్పటికే గుడి కోసం ఒక మోటారు మేళం కొని పెట్టాడు. ఇనుప చట్రానికి ఒక డోలు, రెండు గంటలు, ఒక జేగంట బిగించి ఉంటాయి. ప్లగ్గు పెడితే అన్నీ ఒకేసారి మోగుతాయి.

“శ్రుతికి డబ్బా పెట్టుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదండి,” అన్నాడట ప్రెసిడెంటు. “కానీ డబ్బా పెట్టుకునేకాడికి మొత్తం డబ్బానే పెట్టుకోవచ్చు కదండీ. మేళం అంటే నలుగురు మనుషులు. కల్యాణానికి నలుగురు రండి, మీ మేళం ఉంటుంది. ముగ్గురొస్తే మిషను ఉంటుంది.”

షాపు ఆయన ఈ మాట చెప్పి కత్తెర ఆపాడు. “మా తాత ఊదిండు, మా నాయన ఊదిండు. నా కాడికొచ్చేసరికి స్విచ్ ఏస్తరట.”

“ఎవరూ దొరకలేదా?”

“పాట ఊదమంటె ఊదెటోళ్లు ఉన్నరు. పొద్దంత ఒక్క సా పట్టుకోని కూసోమంటె ఎవడు కూసుంటడు? పెండ్లయినంక వీడియో చూస్తె వాని మొకం గూడ ఉండదు.” అద్దంలో నన్ను కాసేపు చూశాడు. “మీరు ఖాళీగనే ఉంటున్నరు గద. ఒక్కపాలి నోరు తెరువుండ్రి.”

తెరిచాను. సంతలో ఎడ్లను చూసినట్టు, వేలితో పెదవి పైకెత్తి చూశాడు.

“అన్నీ ఉన్నయి,” అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన నాకు గురువు.

మొదట్లో సన్నాయి ముట్టుకోనివ్వలేదు. బొప్పాయి ఆకు కాడ ఒకటి కోసి, గ్లాసు నీళ్లలో పెట్టి ఊదమన్నాడు. నీళ్లలో బుడగలు వస్తూనే ఉండాలి. ఊపిరి పీల్చుకునేటప్పుడు కూడా ఆగకూడదు. బుగ్గల్లో దాచిన గాలిని బయటికి నెడుతూ, అదే సమయంలో ముక్కుతో కొత్త గాలి తీసుకోవాలి. వినడానికి తేలిక. చేయబోతే ముక్కులోకి నీళ్లు పోతాయి. నేను ఖాళీ కుర్చీలో గ్లాసుతో కూర్చుంటే ఆయన పక్క కుర్చీలో ఎవరికో గడ్డం గీస్తూ, ఇటు తిరగకుండానే “బుడగ తెగింది” అనేవాడు. కొన్నాళ్లకు గిరాకీలు కూడా నేర్చుకున్నారు. మొహమంతా నురగతో ఉన్న మనిషి కళ్లు మూసుకునే “సారుది మళ్ల తెగింది” అని చెప్పేవాడు.

ఊపిరి ఎక్కడి నుంచి వస్తోందో చూడటానికి నా మెడకు క్షవరం గుడ్డ కట్టేవాడు. గుడ్డ కడుపు దగ్గర లేవాలి, భుజాల దగ్గర కదలకూడదు. బుగ్గలు బూరెల్లా పొంగకూడదు, అందుకు అద్దం ఎదురుగా ఉంది. పెదవులు మెత్తగా ఉండాలి, పళ్లు తగలకూడదు.

“పళ్లు తగలకూడదంటే మీ అన్నగారికి పళ్లు లేకపోతే ఏం?” అన్నాను ఒకసారి, డెస్కు మీద అలవాటైన అనుమానంతో.

“పళ్లు లేకుంటె పెదిమలు లోపల్కి పోతయి. లోపల్కి పోయినంక ఏంటితోని పడుతరు?” అన్నాడు. ఆ తర్వాత నేను ప్రశ్నలు తగ్గించాను.

అన్నిటికన్నా ఆయనకు పట్టింపు మొదలు మీద. స్వరం మొదలయ్యే చోటు. “సా ఏడ ఉన్నదో ముందు లోపట వినాలె. విన్నంక సీదా ఆడికే పోవాలె. కిందికెల్లి పాక్కుంట పోవద్దు.” మంగలికత్తి తీసి పక్క కుర్చీలోని మనిషి చెంప మీద ఆన్చి చూపించాడు. “గిట్ల. ఏడ ఆనాల్నో ఆడనే ఆనాలె. ఆడీడ ఆన్చుకుంట పోతె ఈన ఊకుంటడా?”

ఆ మనిషి ఊకోనని కళ్లతోనే చెప్పాడు.

చివరికి ఒకరోజు వాళ్ల అన్న వాడే శ్రుతి సన్నాయి నా చేతికిచ్చి ఇంటికి పంపాడు. మర్నాడు పొద్దున మా ఆవిడ స్కూలుకు వెళ్లాక, కిటికీ పక్కన కూర్చుని మొదటి సా ఊదాను. కొత్తవాణ్ణి కాబట్టి అది ఎక్కడో కింద మొదలై, మెల్లగా పైకెక్కి, సా దగ్గర ఆగింది.

వీధి వీధంతా బయటికొచ్చింది.

మా కాలనీకి కొద్ది దూరంలో ఓపెన్ కాస్ట్ గని ఉంది. అక్కడ మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ మోగుతుంది. సైరన్ వినగానే మా వీధిలో ఆడవాళ్లు స్టాండు మీది స్టీలు పళ్లేలు దించి, పట్టుకుని బయటికొస్తారు. ఇళ్లకేం కాదు. పళ్లేలు మాత్రం అదిరి ఒకదాని మీద ఒకటి జారి పడతాయి, ఆ చప్పుడుకు పిల్లలు జడుసుకుంటారు. ఎవరో ఎప్పుడో మొదలుపెట్టారు, ఇప్పుడు అందరికీ అలవాటు. పేలుడు వినిపించాక “అయిపోయింది” అనుకుని లోపలికి పోతారు.

ఆ రోజు పొద్దున్నే పళ్లేలతో నిలబడ్డారు. పేలుడు రాలేదు. గనిలో డంపర్ నడిపే మా పక్కింటాయన నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాడు లుంగీతో, కూతురి చేపల గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. “పేల్లేదేంది?” అని అందర్నీ అడుగుతున్నాడు. నేను ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాను. అందరూ నా కిటికీ వైపు తిరిగారు.

సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి మర్యాదగా కూర్చున్నాడు.

“సారూ, మీరు ఊదేది ఊదుండ్రి. మేం వద్దనం. కాని సైరన్ కొట్టేటప్పుడే ఊదుండ్రి. ఎట్లాగూ బయటనే ఉంటం. రోజుకు రెండుమాట్ల పళ్లేలు దింపాలంటె మా ఆడోళ్లకు చేతగాదు.”

న్యాయమే అనిపించింది. అప్పటి నుంచి మధ్యాహ్నం సైరన్‌తో పాటే సాధన. దాని పక్కన నా సా ఎవరికీ వినపడదు కాబట్టి సిగ్గు కూడా పోయింది. సైరన్ కింద మొదలై పైకెక్కుతుంది కదా, నేనూ దాని వెంటే ఎక్కేవాణ్ణి. అది నిలిచిన చోట నేనూ నిలిచేవాణ్ణి. ఊపిరి బాగా కుదిరింది. బుడగ తెగడం మానేసింది.

గాలి అటు తిరిగిన రోజుల్లో వెనక వీధికి సైరన్ వినపడదు. నా సన్నాయి వినపడుతుంది. కొన్నాళ్లకు వెనక వీధివాళ్లు నన్ను బట్టే పళ్లేలు దించడం మొదలుపెట్టారు. పక్కింటాయన వచ్చి, “సారూ, ఊరికి పోయే రోజు ముందుగాల చెప్పుండ్రి,” అన్నాడు. ఇన్నేళ్లు వార్తలు రాశాను. నా వార్త చదివి ఇంట్లోంచి ఒక్కరు బయటికి వచ్చిన జ్ఞాపకం లేదు. నిజం చెప్పాలంటే సంతోషపడ్డాను.

ఆ సంతోషంతోనే కల్లూరు వెళ్లి గురువు ముందు ఊదాను. పక్క కుర్చీలో గనిలో పనిచేసే మనిషి ఒకాయన సగం గడ్డంతో ఉన్నాడు. నేను సా అందుకోగానే లేచి, మెడకు కట్టిన గుడ్డతోనే రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. గురువు చేతిలో కత్తి పట్టుకుని ఖాళీ కుర్చీని, రోడ్డును, నన్ను చూశాడు.

“ఇదేంది?”

“సా.”

“సా గాదిది. సైరను.” కుర్చీలో కూలబడ్డాడు. “కల్యాణం ముంగట పెట్టుకోని నా కొంప ముంచినవ్ గదయ్యా.”

అప్పటిదాకా ఆయన నన్ను మీరు అనేవాడు.

చెడ్డ అలవాటు నేర్చుకున్నంత తొందరగా పోదు. ఊదడం మానేసి వినడం చేయించాడు. సన్నాయి నోటికి పెట్టి, ఊదకుండా, సా ని లోపల విని, అది కుదురుగా నిలిచాకే గాలి వదలాలి. జారితే ఆపాలి. మళ్లీ వినాలి. ఇంటి దగ్గర సైరన్‌కు ముందే కూర్చుని ఇదంతా చేశాను. కొద్ది రోజులకు మొదలు చక్కబడింది. సా నేరుగా సా దగ్గరే ఆనడం మొదలైంది.

వీధిలో మాత్రం ఎవరూ కదల్లేదు. గాలి అటు తిరిగిన ఒక మధ్యాహ్నం నేను చక్కటి సా ఊదుతున్నాను. వెనక వీధివాళ్లు అన్నాలు తింటున్నారు. పేలుడు వచ్చింది. వెనక వీధంతా పళ్లేలు పడ్డ చప్పుడు. మా వంటింట్లో కూడా.

“మీ గురువుగారి సా బాగుందండీ,” అంది మా ఆవిడ, ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉండి, పళ్లేలు ఏరుతూ. “మన స్టాండుకే సంగీతం రాదు.”

పక్కింటాయన వచ్చాడు. “ఏమైంది సారూ? ఇయ్యాల సౌండు మంచిగ రాలే. పాణం బాగలేదా?”

చివరికి రెండు రకాల సా పెట్టుకున్నాను. పొద్దున గుడి కోసం నేరుగా ఆనే సా, మధ్యాహ్నం కాలనీ కోసం జారుతూ ఎక్కే సా. కొన్నాళ్లు నాకు నేనే మొనగాడిలా కనిపించాను. గురువుకు చెబితే ఆయన మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

“పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరా?” అన్నాడు గురువు నెమ్మదిగా. “కల్యాణం ముహూర్తం ఎన్నింటికో ఎరుకేనా నీకు?”

ఎరుక లేదు.

“మధ్యాహ్నం. మీ సైరను కొట్టే యాళకే.”

కల్యాణం రోజు మా కాలనీవాళ్లు ఒక వ్యాను మాట్లాడుకుని వచ్చారు. మన సారు ఊదుతున్నాడని ముందు వరుసల్లో కూర్చున్నారు. పక్కింటాయన సెలవు పెట్టి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ గుడికి గని చాలా దూరం. అక్కడికి సైరన్ వినపడదు, పేలుడు అందదు. మోటారు మేళం ఒక మూల టార్పాలిన్ కింద ఉంది. ప్రెసిడెంటుగారు నలుగురినీ లెక్క చూసుకుని, తల ఊపి కూర్చున్నారు.

పొద్దున ఎదుర్కోళ్ల నుంచి నేను సా నేరుగానే పట్టాను. ఎవరూ నా వైపు చూడలేదు. అంతకన్నా గొప్ప మెప్పు శ్రుతి పట్టేవాడికి ఉండదు. ముహూర్తానికి ముందు కాసేపు ఆపాం. ఎండ మండపం మెట్ల మీదికి వచ్చింది. గురువు నాకు సైగ చేశాడు. లోపల సా విన్నాను, ఖచ్చితంగా విన్నాను. నోరు మాత్రం వేళను బట్టి తన పని తాను చేసుకుపోయింది.

కింద మొదలైంది. మెల్లగా ఎక్కింది.

ఆ తర్వాతిది మొదట్లోనే చెప్పాను. చెప్పంది ఒకటుంది. మా గురువు కళ్లు మూసుకుని ఊదుతాడు, ఆయనకు జనం వెళ్లిన సంగతి తెలియదు. డోలు ఆయనకు వాచీ మీద గురి. ముహూర్తం దాటిపోతోందని, తాళి ఎక్కడుందో చూడకుండా, గట్టిమేళం అందుకున్నాడు. డోలు మోత గుడి గోడలు దాటి బయటికి వెళ్లింది. ఎండలో పళ్లేలతో నిలబడ్డవాళ్లు అది విన్నారు.

“అయిపోయింది, పాండ్రి,” అన్నాడు పక్కింటాయన.

అదే వరుసలో లోపలికి వచ్చి, ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. మంగళసూత్రం పళ్లెం చేతులు మారుతూ పురోహితుడి దగ్గరికి చేరింది. అప్పటికి గట్టిమేళం ఆగిపోయింది. నిశ్శబ్దంలో, నా సా ఒక్కటే మోగుతుండగా, ఆయన అమ్మవారికి తాళి కట్టాడు.

తర్వాత వసారాలో పంచాయితీ జరిగింది.

“మీ మేళం బాగాలేదని నేననట్లేదండి,” అన్నారు ప్రెసిడెంటుగారు. “ఒక్క స్వరంతో ఇంతమందిని లేపి బయటికి పంపి, ఒక్క డోలు దెబ్బతో మళ్లీ లోపలికి తెప్పించిన మేళం నేనింతవరకు చూళ్లేదు. కానీ గట్టిమేళం మోగినప్పుడు తాళి గుళ్లోనే లేదు కదండీ. పెళ్లి అయినట్టా, కానట్టా?”

“మళ్ల కొట్టుమంటె కొడుత,” అన్నాడు డోలు ఆయన.

“రెండుసార్లు కొడితే రెండు పెళ్లిళ్లవుతాయి,” అన్నాడు పురోహితుడు కంగారుగా. “భద్రాచలంలో పెద్దవాళ్లను అడిగి చెబుతాను.”

“మిషను పెడితె ఇట్ల గాకపోవునా?” అన్నాడు గురువు. “మిషను మోగుతనే ఉంటది, తాళి ఉన్నా లేకున్నా.”

“నిజమేనండి. కానీ మిషను మోగితే జనం లేచి బయటికి పోరు కదండీ.”

గురువు నా వైపు తిరిగాడు. పక్కింటాయన మధ్యలోకి వచ్చి, “సారుది తప్పేం లేదు. మేం లెవ్వలే, కాళ్లే లేచినయి,” అని సాక్ష్యం చెప్పాడు. అది ఎవరికీ ఉపయోగపడలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో గురువు కిటికీలోంచి పామాయిల్ తోటలు చూస్తూ కూర్చున్నాడు. సత్తుపల్లి దగ్గర పడుతుంటే అన్నాడు.

“మొదలు జారింది.”

“అవును.”

“కాని ఏడా తెగలే,” అన్నాడు. “అంత లొల్లిల గూడ తెగలే.”

నేను దిగాల్సిన చోటు వచ్చింది, దిగాను.

ఇప్పటికీ కల్లూరు వెళుతున్నాను, మెడకు గుడ్డ కట్టించుకుని అద్దం ముందు కూర్చుంటున్నాను. సా తర్వాతి స్వరం ఆయన ఇంకా చూపించలేదు. మధ్యాహ్నాలు గాలి అటు తిరిగితే వెనక వీధివాళ్లు నా కిటికీ కేసి చూస్తున్నారు. ఏ సా ఊదాలో నేను తేల్చుకోలేదు. పురోహితుడికి భద్రాచలం నుంచి ఇంకా జవాబు రాలేదు. మోటారు మేళం గుడి మూల టార్పాలిన్ కిందే ఉంది. దానికి ప్లగ్గు పెట్టలేదు, అమ్మినవాళ్లకు తిప్పి పంపనూ లేదు.